ఒకే ఆసుపత్రి, రెండు పురిటి వార్డులు

 

పోయిన వారం మనం కాన్పు పాఠం చదివాం. "కాన్పు చేసేవాళ్ళు ముందుగా సబ్బుతో చేతులు కడుక్కోవాలి" అని అందులో ఉంది. అప్పుడు మీలో ఒక అక్క లేచి అడిగింది. "టీచరమ్మా, పెద్ద చదువులు చదివిన డాక్టర్లకి ఇది తెలీదా? వాళ్ళకి మనం చెప్పాలా? చెప్తే కోప్పడరా?" అని. నాకు వెంటనే జవాబు రాలేదు. ఇంటికి వెళ్ళి పుస్తకాలు తిరగేశాను. ఈ రోజు ఆ జవాబు చెప్తాను. కథలాగే ఉంటుంది గానీ, ఇది నిజంగా జరిగింది.

ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మకి ఒక అక్క ఉండేది. నేను పుట్టకముందే పోయింది. తొలి కాన్పు. బిడ్డ బాగానే పుట్టింది. మూడో రోజు చలిజ్వరం వచ్చింది. పొత్తికడుపు నొప్పి అని ఏడ్చింది. తొమ్మిదో రోజుకి కన్ను మూసింది. "బాలింతకి గాలి సోకింది" అన్నారు ఊళ్ళో. మా అమ్మమ్మ ఇన్నేళ్ళూ ఆ మాటే చెప్పుకుంటూ వచ్చింది.

ఇక అసలు సంగతికి వద్దాం. యూరప్‌లో ఆస్ట్రియా అని ఒక దేశం ఉంది. దాని రాజధాని వియన్నా. అక్కడ చాలా పెద్ద ఆసుపత్రి ఉంది. డాక్టరు చదువు కూడా అక్కడే చెప్పేవాళ్ళు. మన దగ్గర విశాఖలో కింగ్ జార్జి ఆసుపత్రి, హైదరాబాదులో గాంధీ ఆసుపత్రి ఉన్నాయి చూడండి, అలాంటిదన్నమాట.

ఆ ఆసుపత్రిలో రెండు పురిటి వార్డులు ఉండేవి. మొదటి వార్డులో డాక్టరు చదువు చదివే మగపిల్లలు కాన్పులు చేసేవాళ్ళు. రెండో వార్డులో మంత్రసాని పని నేర్చుకునే ఆడవాళ్ళు చేసేవాళ్ళు. అక్కడికి వచ్చే తల్లులు ఎక్కువమంది పేదవాళ్ళు. ఒక రోజు వచ్చినవాళ్ళని మొదటి వార్డులో చేర్చుకునేవాళ్ళు. మర్నాడు వచ్చినవాళ్ళని రెండో వార్డులో చేర్చుకునేవాళ్ళు.

ఆ రోజుల్లో అక్కడ కూడా బాలింత జ్వరంతో తల్లులు చనిపోయేవాళ్ళు. 1846వ సంవత్సరం లెక్క చూడండి. మొదటి వార్డులో 4010 కాన్పులు జరిగాయి. 459 మంది తల్లులు చనిపోయారు. అంటే నూటికి 11 మందికి పైనే. రెండో వార్డులో 3754 కాన్పులు. 105 మంది చనిపోయారు. నూటికి ముగ్గురు కూడా లేరు.

ఆసుపత్రి ఒకటే. ఊరు ఒకటే. మరి ఎందుకింత తేడా?

ఈ తేడా డాక్టర్ల కంటే ముందే ఆడవాళ్ళకి తెలుసు. ఆ నోటా ఈ నోటా ఊరంతా తెలుసు. మొదటి వార్డు అనగానే కాళ్ళమీద పడేవాళ్ళు. "మమ్మల్ని అక్కడ వెయ్యొద్దు బాబూ" అని బతిమాలేవాళ్ళు. కొంతమంది ఆసుపత్రికి చేరకముందే వీధిలో కనేసేవాళ్ళు. విచిత్రం ఏంటంటే, అలా వీధిలో కన్నవాళ్ళకి ఆ జ్వరం చాలా తక్కువగా వచ్చేది!

మొదటి వార్డులో ఒక కుర్ర డాక్టరు పనిచేసేవాడు. పేరు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్. అప్పటికి ముప్ఫై ఏళ్ళు కూడా లేవు. రోజూ తల్లులు చనిపోతుంటే చూసి ఊరుకోలేకపోయాడు. కారణం వెతకడం మొదలుపెట్టాడు. ఇలా వెతకడాన్నే పరిశోధన అంటారు. పరిశోధన అంటే మనకి అందని మాటేమీ కాదు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, కాని కారణాల్ని ఒక్కొక్కటీ ఏరి పక్కన పెట్టడమే.

పెద్ద డాక్టర్లు "గాలిలో దోషం ఉంది" అన్నారు. చూశారా! మన ఊళ్ళో అన్న మాటే అక్కడ పెద్ద చదువులు చదివినవాళ్ళూ అన్నారు. సెమ్మెల్‌వైస్ ఆలోచించాడు. రెండు వార్డులూ పక్కపక్కనే ఉన్నాయి. గాలి ఒకటే కదా! అది కాదు. "జనం ఎక్కువై ఇరుకైంది" అన్నారు. రెండో వార్డే ఎక్కువ ఇరుకు. అదీ కాదు. మొదటి వార్డులో తల్లుల్ని వెల్లకిలా పడుకోబెట్టి కాన్పు చేసేవాళ్ళు. రెండో వార్డులో పక్కకి తిప్పి చేసేవాళ్ళు. మొదటి వార్డులో కూడా పక్కకి తిప్పి చూశాడు. చావులు తగ్గలేదు. చావుబతుకుల్లో ఉన్నవాళ్ళ కోసం పూజారి గంట మోగిస్తూ వార్డులోంచి వెళ్ళేవాడు. ఆ భయంతో చనిపోతున్నారేమో అనుకున్నాడు. గంట ఆపించాడు. అయినా తగ్గలేదు.

1847లో ఒక దుర్ఘటన జరిగింది. ఆ ఆసుపత్రిలోనే కొలెట్ష్కా అనే డాక్టరు ఉండేవాడు. సెమ్మెల్‌వైస్‌కి స్నేహితుడు. శవాన్ని కోసి చూపించేటప్పుడు ఒక విద్యార్థి కత్తి ఆయన వేలికి తగిలింది. ఆయనకి జ్వరం వచ్చింది. చనిపోయాడు. ఆయన ఒంట్లో కనిపించిన గుర్తులన్నీ బాలింత జ్వరం గుర్తులే. ఆయన మగవాడు. కాన్పు లేదు. మరి బాలింత జ్వరం ఎలా వచ్చింది?

అప్పుడు సెమ్మెల్‌వైస్‌కి అసలు సంగతి తట్టింది. విద్యార్థులు, డాక్టర్లు పొద్దున్నే శవాల్ని కోసి పాఠం నేర్చుకుంటారు. అదే చేతులతో వచ్చి తల్లుల్ని పరీక్ష చేస్తారు. మంత్రసానులు శవాల్ని ముట్టుకోరు. అదీ తేడా! జబ్బు గాలిలోంచి రాలేదు. డాక్టర్ల చేతుల మీద వచ్చింది. తన చేతుల మీద కూడా వచ్చింది. ఆ మాట ఒప్పుకోవడానికి ఆయన ఎంత బాధపడి ఉంటాడో ఆలోచించండి.

1847 మే నెలలో ఆయన ఒక నియమం పెట్టాడు. వార్డులోకి వచ్చే ప్రతివాళ్ళూ మందు కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోవాలి. ఆ మందు మీకు తెలిసిందే. మన పంచాయతీ వాళ్ళు బావిలో చల్లే బ్లీచింగ్ పౌడర్ లాంటిదే. ఏప్రిల్‌లో 312 కాన్పులకి 57 మంది చనిపోయారు. జూన్‌లో 268 కాన్పులకి ఆరుగురే. అదే ఏడాది అక్టోబరులో మళ్ళీ ఒక దెబ్బ తగిలింది. గర్భసంచి పుండైన ఒకామెను పరీక్ష చేసి, అదే వరుసలో మిగతావాళ్ళనీ పరీక్ష చేశారు. 12 మందిలో 11 మంది పోయారు. శవం నుంచే కాదు, బతికున్న మనిషి చీము నుంచి కూడా జబ్బు అంటుతుందని అప్పుడు తెలిసింది. ఒకర్ని చూసి ఇంకొకర్ని ముట్టుకునే ముందు కూడా చేతులు కడగాలన్నాడు. 1848లో మొదటి వార్డులో 3556 కాన్పులు జరిగాయి. 45 మంది చనిపోయారు. మార్చి నెలలో, ఆగస్టు నెలలో ఒక్క తల్లి కూడా పోలేదు.

మరి అందరూ మెచ్చుకున్నారా? లేదు. చాలామంది పెద్ద డాక్టర్లకి కోపం వచ్చింది. "మా చేతులు మురికివా?" అనుకున్నారు. 1849లో ఆయన ఉద్యోగాన్ని పొడిగించలేదు. చివరికి మతి చెడిందని పిచ్చాసుపత్రిలో పెట్టారు. 1865లో అక్కడే చనిపోయాడు. అప్పటికి 47 ఏళ్ళు. తర్వాత కొన్నేళ్ళకి కంటికి కనిపించని క్రిములే ఆ జ్వరానికి కారణమని వేరే శాస్త్రవేత్తలు రుజువు చేశారు. ఇప్పుడు ప్రపంచమంతా ఆయన మాటే పాటిస్తోంది.

అక్కా, ఇదీ మీ ప్రశ్నకి జవాబు. ఒకప్పుడు డాక్టర్లకి కూడా తెలీదు. ఇప్పుడు అందరికీ తెలుసు. అయినా పని తొందరలో ఎవరైనా మరిచిపోవచ్చు. అందుకే మనం అడగాలి. "అమ్మా, చేతులు కడుక్కుని చూడండి" అని మర్యాదగా అడగండి. కోప్పడితే కోప్పడనివ్వండి. ఇంట్లో బాలింతని ముట్టుకునే మనం కూడా సబ్బుతో కడుక్కోవాలి. అత్తగారైనా సరే, ఆడపడుచైనా సరే.

కాన్పు తర్వాత ఆరు వారాల్లోపు జ్వరం వచ్చినా, పొత్తికడుపు నొప్పి వచ్చినా, మైల వాసన కొట్టినా నాటు మందులతో కూర్చోవద్దు. ఆశా కార్యకర్తకి చెప్పండి. 108కి ఫోన్ చెయ్యండి. ఈ జ్వరానికి ఇప్పుడు మంచి మందులున్నాయి. ఆలస్యమే ప్రమాదం.

ఇంకొక్క మాట. వియన్నా ఆడవాళ్ళు ఏడ్చి చెప్పినా ఎవరూ వినలేదు. రిజిస్టరులో రాసిన లెక్కే సాక్ష్యం చెప్పింది. మీకిప్పుడు రాయడం వచ్చు. కాన్పు అయిన తేదీ రాయండి. జ్వరం వస్తే ఆ తేదీ, టైము రాయండి. డాక్టరుకి ఆ కాగితం చూపించండి.

మొన్న రాత్రి ఈ లెక్కలన్నీ మా అమ్మమ్మకి చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, "అయితే, మన పిల్లకి గాలి సోకలేదంటావా?" అని. "గాలి కాదు అమ్మమ్మా" అన్నాను. "ఆ రోజు కాన్పు చేసినామె పేడకళ్ళెత్తి తిన్నగా వచ్చింది. నేనే తొందరపెట్టి పిలుచుకొచ్చాను. చేతులు కడుక్కోమని చెప్పాలని నాకు తెలీదే" అంది.

మా అమ్మమ్మకి చెప్పినవాళ్ళు లేరు. మనకి తెలుసు. ఈ రాత్రి ఇంటికెళ్ళి, నెలలు నిండిన పిల్ల ఎవరింట్లో ఉంటే వాళ్ళకి ఈ మాట చెప్పండి.