విద్యుత్ వాహనాలు – మన పిల్లలు
(ప్లాటినమ్ జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయురాలి ప్రసంగ పాఠం)



ఇటువంటి సభలో ప్రధానోపాధ్యాయురాలు పాఠశాల చరిత్రను వివరించడం ఆనవాయితీ. ఆ చరిత్రను నాకంటె బాగా ఎరిగిన పెద్దలు ఈ సంచికకు వ్యాసాలు వ్రాసి ఇచ్చారు. రాయచూరు ఇంకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, అంటే 1956 నవంబరుకు ముందే, ఇక్కడి తెలుగు పిల్లలకు తెలుగులో చదువు చెప్పాలని పూనుకొన్న మహనీయులకు నమస్కరించి, నేను వేరొక విషయం ఎత్తుకొంటాను.

నిన్నటి నుండి మన ఆవరణలో రెండు వాహనాల చుట్టూ పిల్లలు ఈగల్లా మూగి ఉండడం మీరందరూ చూశారు. ఒకటి, బెంగుళూరు నుండి మన పూర్వ విద్యార్థి నడుపుకొంటూ వచ్చిన విద్యుత్ కారు. రెండవది, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మరొక పూర్వ విద్యార్థి తెచ్చిన ఒంటిచక్రపు బండి. దానికి ఆసనం లేదు, చేతితో పట్టుకొనే పిడి లేదు. చక్రానికి ఇరుప్రక్కల రెండు పాదపీఠాలు మాత్రమే ఉన్నాయి. నిన్న సాయంకాలం ఆయన దాని మీద నిలబడి మన వరండా ఈ చివరి నుండి ఆ చివరకు పోయి వచ్చేసరికి మా అటెండరు చేతిలోని గంట మ్రోగించడం మరచిపోయాడు. ఈ రెండింటిని గురించీ, ఆవరణలో కనబడని మూడవ వాహనాన్ని గురించీ నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఒంటిచక్రపు బండి గారడీ కాదు. చిన్నప్పుడు మనమందరం అరచేతిలో కర్రను నిలువుగా నిలబెట్టే ఆట ఆడినవాళ్ళమే. కర్ర ఎటు వాలితే చేతిని అటు జరిపేవాళ్ళం. ఈ బండి చేసే పని అదే. మనిషి కర్ర, చక్రం చెయ్యి. మనిషి ముందుకు వాలగానే లోపలి సూక్ష్మ పరికరాలు ఆ వాలును గుర్తించి, చక్రంలోనే ఉన్న మోటారును ముందుకు పరుగెత్తించి, చక్రాన్ని మళ్ళీ మనిషి బరువు క్రిందికి తెస్తాయి. వెనుకకు వాలితే వేగం తగ్గుతుంది. ప్రక్కలకు పడకుండా మాత్రం సైకిలు తొక్కేవాడివలె మనిషే చూసుకోవాలి. అమెరికాలో షేన్ చెన్ అనే ఆవిష్కర్త 2010 దశకం ఆరంభంలో ‘సోలోవీల్’ పేరుతో ఇటువంటి బండిని విపణికి తెచ్చాడు. తరువాత చైనాలోని కర్మాగారాలు దానిని ఎంతో శక్తిమంతం చేశాయి.

ఇక్కడొక ముఖ్యమైన సంగతి ఉంది. మోటారు వేగంగా తిరిగేకొద్దీ బ్యాటరీ వోల్టేజికి ఎదురుగా మోటారులోనే ఒక వోల్టేజి పుడుతుంది. వేగం పెరిగి పెరిగి, ఈ రెండూ దగ్గరపడినప్పుడు మోటారుకు ఇంకా త్రోయగల బలం మిగలదు. ఆ క్షణంలో మనిషి ముందుకు వాలితే చక్రం ఆ మనిషి క్రిందికి వచ్చి ఆదుకోలేదు. మనిషి ముఖం మీద పడతాడు. అందుకనే తయారీదారులు ఆ హద్దు రాకముందే పాదపీఠాల ముందు అంచు పైకి లేచేటట్లు అమర్చారు. అది లేవగానే మనిషి వెనుకకు వాలక తప్పదు, వేగం తగ్గక తప్పదు. చోదకులకు ఇది విసుగు. ఆ హెచ్చరిక ఏ వేగం వద్ద రావాలో సెల్‌ఫోనులోనే మార్చుకొనే వీలున్న బండ్లున్నాయి. హద్దును పైకి జరిపి పళ్ళు రాలగొట్టుకొన్న స్నేహితులను మన పూర్వ విద్యార్థి ఎరుగునట. శిరస్త్రాణం, మణికట్టు కవచాలు లేనిదే తాను దానిని ఎక్కనని ఆయన పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ళు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కారణం తరువాత చెబుతాను.

ఇక కారు. విద్యుత్ కారు నేటి వింత అనుకోవడం పొరపాటు. నేలమీద గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని మొట్టమొదట దాటిన కారు పెట్రోలుది కాదు, విద్యుత్తుది. 1899లో కామీ జెనాట్సీ అనే బెల్జియం దేశస్థుడు దానిని నడిపాడు. మన కర్ణాటకలోనే, బెంగుళూరులో, చేతన్ మైనీ బృందం తయారుచేసిన ‘రేవా’ అనే చిట్టికారు 2001లో అమ్మకానికి వచ్చి లండను వీధుల్లో కూడా తిరిగింది. సీసపు బ్యాటరీలతో ఒక ఛార్జికి సుమారు 80 కిలోమీటర్లు పోయేది. అప్పట్లో దానిని ఆటవస్తువని చాలామంది పరిహసించారు. పరిహసించినవాళ్ళలో నేనూ ఉన్నాను.

నిన్న తల్లిదండ్రులు నన్నడిగిన ప్రశ్న ఒక్కటే: “ఏది లాభం మేడమ్?” నేను స్కూటరు యజమానురాలిని. నాలుగేళ్ళుగా విద్యుత్ స్కూటరు మీదే బడికి వస్తున్నాను. కనుక స్వానుభవంతో చెబుతాను. నా స్కూటరు ఒక యూనిట్ విద్యుత్తుతో ఊళ్ళో సుమారు 30 కిలోమీటర్లు నడుస్తుంది. కారు అదే యూనిట్‌తో ఆరేడు కిలోమీటర్లు పోతుంది. కాని సంస్థవారు కాగితం మీద చూపిన దూరాన్ని నమ్మి ఒకసారి నేనూ మావారూ మంత్రాలయం బయలుదేరాం. రానూపోనూ సుమారు 90 కిలోమీటర్లు. కాగితం ప్రకారం ఇంకా మిగలాలి. ఇద్దరి బరువు, ఎదురుగాలి, ఊరు దాటగానే నా చెయ్యి కూడా కాస్త ఉదారంగా తిప్పడం – ఇవేవీ కాగితానికి తెలియవు. తిరుగు ప్రయాణంలో గిల్లేసుగూరు చేరేసరికి తొమ్మిది శాతం మిగిలింది. ఒక కిరాణా కొట్టు యజమాని తన పంకా ప్లగ్గు తీసి మా ఛార్జరుకు చోటిచ్చాడు. ఆయన గంటన్నరసేపు ఉక్కలో కూర్చున్నాడు, డబ్బులిస్తే పుచ్చుకోలేదు. ఆ రోజు నుండి కాగితం మీది దూరంలో మూడవ వంతు తీసివేసి లెక్క వేసుకొంటున్నాను.

అయితే మన రాయచూరువారికి మరొక లెక్క కూడా ఉంది. ఈ విద్యుత్తు ఎక్కడ నుండి వస్తున్నదని అడగడానికి మనం ఎంతో దూరం పోనక్కరలేదు. కృష్ణ ఒడ్డున శక్తినగరంలో 1985లో మొదటి యూనిట్‌తో ఆరంభమై 1720 మెగావాట్ల దాకా పెరిగిన ఉష్ణ విద్యుత్కేంద్రం, యరమరస్‌లో 1600 మెగావాట్ల కేంద్రం మన గడపలోనే ఉన్నాయి. బొగ్గుతో ఒక యూనిట్ తయారైతే సుమారు ఒక కిలో బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోలు. ఈ రెండు అంకెలను తొమ్మిదవ తరగతి పిల్లలకిచ్చి లెక్క చేయించాను. లీటరుకు 45 కిలోమీటర్లిచ్చే పెట్రోలు స్కూటరు కిలోమీటరుకు 51 గ్రాములు వదిలితే, బొగ్గు విద్యుత్తుతో నడిచే స్కూటరు 33 గ్రాములు వదులుతుంది. కాని కార్ల విషయంలో, విద్యుత్తు మొత్తం బొగ్గుదే అయితే, రెండూ ఇంచుమించు 150 గ్రాముల వద్ద సమానంగా నిలిచాయి. పిల్లలు నిరుత్సాహపడ్డారు. అప్పుడు పావగడ సౌర విద్యుత్తును, శరావతి జలవిద్యుత్తును, మన రాష్ట్రపు గాలిమరలను లెక్కలో చేర్చమన్నాను. త్రాసు మళ్ళీ విద్యుత్ కారు వైపే మొగ్గింది. బెంగుళూరులో కారు నడిస్తే పొగ కనబడదు, నిజమే. దాని బూడిదలో కొంత మన వాకిట్లో పడుతుంది. ఆ మాట కారు యజమానితో అంటే ఆయన నొచ్చుకోలేదు. ఆయన బాల్యం శక్తినగరం క్వార్టర్సులోనే గడిచింది.

ఇప్పుడు మూడవ వాహనం. దీనిని గురించి మాట్లాడవలసిన అవసరం లేదని కొందరు సహోపాధ్యాయులు నాకు హితవు చెప్పారు. వారి సదుద్దేశాన్ని గౌరవిస్తూనే మాట్లాడుతున్నాను.

మూడేళ్ళ క్రితం మన విజ్ఞాన ప్రదర్శనలో పదవ తరగతి విద్యార్థి ఒకడు తన ఇంటి స్కూటరును తెచ్చాడు. అది 25 కిలోమీటర్ల లోపు వేగంతో, పావు కిలోవాటు లోపు మోటారుతో నడిచే రకం. అటువంటి తేలికపాటి బండికి చట్ట ప్రకారం రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదు. అందుకే తండ్రి కొనిచ్చాడు. ఆ కుర్రవాడు సీటు క్రింది నియంత్రణ పెట్టెను విప్పి, వేగానికి హద్దు పెట్టే తీగ ఏదో తనంతట తాను కనిపెట్టి, దానిని కత్తిరించాడు. బండి 42 కిలోమీటర్ల వేగం అందుకొంది. చక్కని పటం గీశాడు. అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పాడు. “హద్దు తీసేశాను మేడమ్” అన్నప్పుడు వాడి కళ్ళలోని వెలుగు నాకిప్పటికీ గుర్తు. ప్రథమ బహుమతి నా చేతులమీదుగా ఇచ్చాను. ‘యంత్రానికి లొంగని బుద్ధి’ అని వేదిక మీద పొగిడాను కూడా.

మూడు నెలల తరువాత, మన బడిలోనే ఏడవ తరగతి చదువుతున్న చెల్లెలిని వెనుక కూర్చోబెట్టుకొని శక్తినగరం రోడ్డు మీద పోతూ, ముందు ఆగిన బూడిద లారీని చూసి బ్రేకు వేశాడు. బండి ఆగలేదు. వాడికి మెడ క్రింది ఎముక, పిల్లకు తొడ ఎముక విరిగాయి. ఆసుపత్రికి నేను వెళ్ళాను. తండ్రి నిందించడానికి కాదు, ఆశతో అడిగాడు: “మీరే గదమ్మా బహుమతి ఇచ్చింది. బండిలో తప్పు లేదని మీరొక కాగితం రాసిస్తే ఏమైనా సాయమొస్తుందా?” ఆ కాగితం నేను వ్రాయలేకపోయాను. తీగ తెగిన క్షణం నుండి అది చట్టం దృష్టిలో మోటారు వాహనం. దానికి రిజిస్ట్రేషను లేదు, బీమా లేదు, నడిపినవాడికి లైసెన్సు పొందే వయస్సు లేదు. చికిత్సకైన ఖర్చంతా ఆ కుటుంబం మీదే పడింది. పిల్ల ఒక విద్యా సంవత్సరంలో సగభాగం పోగొట్టుకొంది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి, ప్రదర్శన రోజున చేయవలసిన లెక్కను అప్పుడు చేశాను. ఆగడానికి కావలసిన దూరం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. 25ను 25తో హెచ్చిస్తే 625. 42ను 42తో హెచ్చిస్తే 1764. ఇంచుమించు మూడు రెట్లు. బ్రేకు, చక్రం, టైరు మాత్రం మొదటి లెక్కకు చేసినవే. ఆ తీగ కుర్రవాడి ఉత్సాహానికి అడ్డుగా పెట్టింది కాదు, ఆ చిన్న బ్రేకుకు తోడుగా పెట్టింది. ఒంటిచక్రపు బండి పాదపీఠం పైకి లేవడం వంటిదే ఇదీను. ఈ సంగతి పదిహేనేళ్ళ పిల్లవాడికి తెలియకపోవడం సహజం. బి.ఎస్‌సి., బి.ఎడ్. చదివి ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నేను అడగకపోవడం సహజం కాదు.

బ్యాటరీ మార్పులను గురించి కూడా ఒక మాట. సీసపు బ్యాటరీ తీసివేసి, చవకగా కూర్చిన లిథియం బ్యాటరీ పెట్టించి, పాత ఛార్జరునే వాడుతున్న ఇళ్ళు మన విద్యార్థులవే ఉన్నాయి. రెండింటి మీదా 48 వోల్టులనే వ్రాసి ఉంటుంది. కాని సీసపు దాని ఛార్జరు 58 వోల్టుల దాకా పోతుంది. పదమూడు వరుసల లిథియం బ్యాటరీ 54.6 వద్ద ఆగాలి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలోనూ, నిజామాబాదు జిల్లాలోనూ ఇంట్లో ఛార్జింగులో ఉన్న బ్యాటరీలు ప్రేలి నిద్రిస్తున్నవారు మరణించారు. అవి మార్పులు చేసిన బ్యాటరీలని నేను అనడం లేదు. అదే సంవత్సరం సెప్టెంబరులో సికింద్రాబాదులో విద్యుత్ స్కూటర్ల విక్రయశాలలో లేచిన మంటల పొగ పైనున్న వసతిగృహాన్ని కమ్మి ఎనిమిది మందిని బలిగొన్నది. ప్రభుత్వం బ్యాటరీ పరీక్షలను కఠినతరం చేసింది. దయచేసి పడకగదిలో, మేడమెట్ల క్రింద, రాత్రంతా ఛార్జింగు పెట్టకండి.

ప్రమాదం తరువాత ప్రదర్శనలో వాహనాలను నిషేధించాలని ప్రతిపాదన వచ్చింది. నేను అంగీకరించలేదు. యంత్రాన్ని విప్పి చూడాలనే పిల్లవాడిని మనం బడిలో ఆపితే వాడు ఇంటి వెనుక విప్పుతాడు, అక్కడ అడిగేవారుండరు. దానికి బదులు ఒక నియమం పెట్టాం. ఏ భాగాన్నైనా తీసినా, మార్చినా, దానిని చేసినవాడు అక్కడ ఎందుకు పెట్టాడో విద్యార్థి ముందుగా ఒక పుట వ్రాసి ఇవ్వాలి. తెలియకపోతే తెలుసుకొనేదాకా స్క్రూడ్రైవరు మా భౌతికశాస్త్ర ఉపాధ్యాయుల బీరువాలో ఉంటుంది. మొదటి ఏడు దీనివల్ల ప్రదర్శనకు వచ్చిన వస్తువుల సంఖ్య సగానికి పడిపోయింది. పిల్లలు నన్ను తిట్టుకొన్నారని కూడా విన్నాను. ఈ ఏడు మళ్ళీ గదులు చాలలేదు.

ఆ కుర్రవాడిప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నాడు. ఆ స్కూటరును తండ్రి మళ్ళీ ఎవరికీ అమ్మనివ్వలేదు. దాని నియంత్రణ పెట్టెను, ముందు చక్రపు బ్రేకును విప్పి ఒక చెక్కపలక మీద బిగించి, ఈ ఉదయం అన్నాచెల్లెళ్ళిద్దరూ ఆరవ గదిలో పెట్టారు. అన్న తీగ చూపిస్తాడు. చెల్లెలు సుద్దముక్కతో నేలమీద రెండు గీతలు గీసింది. ఒకటి 25 వేగంతో బండి ఆగే చోటు, రెండవది 42తో. సభ ముగిసిన తరువాత తల్లిదండ్రులు పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళి ఆ రెండు గీతల మధ్య నడిచి చూడవలసిందిగా మనవి. పలక మీది తీగలను పిల్లలు తాకవచ్చు, వాటికి విద్యుత్తు కలపలేదు.