అయిదేళ్లకు దొరికిన చుక్క



సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరం. అంతకు 40 రెట్లు దూరాన ప్లూటో ఉంది. దాని అవతల ఏముందో చాలాకాలం తెలియలేదు.

 జేన్ లూ వియత్నాంలో పుట్టింది. యుద్ధం వల్ల 1975లో ఇల్లు విడిచి అమెరికా చేరింది. అక్కడ చదువుకుంది. 1987లో గురువు డేవిడ్ జ్యూయిట్‌తో కలిసి వెతకసాగింది.

ఎలా వెతికారు? ఒకే చోటును కాసేపాగి, మళ్లీ మళ్లీ ఫొటో తీశారు. నక్షత్రాలు ఉన్నచోటే ఉంటాయి. చుక్క ఏదైనా జరిగిందా అని చూడాలి. బియ్యంలో రాళ్లు ఏరే కళ్లకు ఈ పని కొత్త కాదు.

అయిదేళ్లు గడిచాయి. ఏమీ దొరకలేదు. మానలేదు.

1992 ఆగస్టు 30. హవాయి దీవిలో కొండమీద పెద్ద దుర్భిణి. ఫొటోల్లో ఒక మసక చుక్క మెల్లగా జరిగింది! అదొక చిన్న మంచు లోకం. సూర్యుణ్ణి ఒక్కసారి చుట్టడానికి దానికి సుమారు 290 ఏళ్లు పడుతుంది. 2018లో దానికి ఆల్బియన్ అని పేరు పెట్టారు.

తర్వాత అలాంటివి వేలల్లో దొరికాయి. ఆ గుంపునే కైపర్ పట్టీ అంటారు. ప్లూటో కూడా ఆ గుంపులోదేనని తేలింది. అందుకే 2006లో దాన్ని గ్రహాల లెక్కలోంచి తీసేశారు. మీ పిల్లల పుస్తకం తెరిచి చదవండి. గ్రహాలు ఎనిమిదే ఉంటాయి.