పసిబిడ్డల ఎదుగుదల: తల్లిదండ్రులు గమనించవలసిన సంగతులు

(దూలపల్లిలో స్త్రీల మైత్రి కూడికలో చేసిన ప్రసంగము)



పసిబిడ్డల ఎదుగుదలను గూర్చి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరినారు. నేను డాక్టరును కాను. ఏండ్ల తరబడి సండేస్కూలు పిల్లలకు పాఠములు చెప్పినదానను. కాబట్టి నేను చేసిన ఒక తప్పుతోనే మొదలుపెట్టుచున్నాను.

కొన్ని ఏండ్ల క్రిందట ఒక ఆదివారము ఆరాధనలో డోలకు, తాళములు మ్రోగగానే మూడేండ్ల బాబు ఒకడు రెండు చెవులు గట్టిగా మూసికొని, చాపమీద పడి ఏడ్వసాగినాడు. ఎత్తుకొనబోయిన తల్లిని తన్నినాడు. నేను వెనుకకు తిరిగి, "బిడ్డను కొంచెము అదుపులో పెట్టుకో తల్లీ" అన్నాను. మరుసటి వారము ఆమె రాలేదు. ఆ తరువాత కూడ రాలేదు.

కొన్ని నెలలకు నేనే వారింటికి వెళ్లినాను. "అమ్మా, వానికి కుక్కరు విజిలేసినా అట్లనే అయితది. పెరుగన్నం తప్ప ఏదీ ముట్టడు. నన్ను ఇంతవరకు అమ్మా అని పిలువలేదు. మా అత్తమ్మేమో, వాళ్ల నాయన కూడ నాలుగేండ్లకు మాట్లాడిండు, ఆగు అంటది. అందరు నా పెంపకమే మంచిగ లేదంటరు" అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది. ఆ "అందరిలో" నేనును ఉన్నానని నాకు తెలిసినది.

ఆ బిడ్డది మొండితనము కాదు. మనకు పంచేంద్రియములని చిన్ననాడే నేర్పినారు. వాటితోపాటు, ఒరిగిపోకుండ నిలుచుటకు లోపలి చెవిలో ఒక జ్ఞానము, కాలు చేయి ఎక్కడ ఉన్నదో తెలిపే కీళ్లు, కండరముల జ్ఞానము కూడ ఉన్నవి. ఇవి తెచ్చే వార్తలన్నిటిని మెదడు సర్దుకొనవలెను. కొందరు బిడ్డలలో ఆ సర్దుబాటు వేరుగా ఉండును. మనకు మామూలుగా వినబడే తాళము వారికి చెవిలో మేకు దిగినట్లుండును. చొక్కా మెడ వెనుక ఉండే చిన్న పట్టీ కూడ ఓర్వలేరు. మరికొందరికి చాలినంత స్పర్శ అందనట్లుండును. వారు ఊరక గిరగిర తిరుగుదురు, దుముకుదురు, గోడలకు గుద్దుకొందురు. అమెరికాలో జీన్ ఏర్స్ అను ఆక్యుపేషనల్ థెరపిస్టు 1972లో ప్రచురించిన గ్రంథములో ఈ సంగతిని వివరించినది. 2013 నుండి ఆటిజం గుర్తించుటకు డాక్టర్లు చూచే లక్షణములలో ఇదియు ఒకటిగా చేరినది. అయితే చెవులు మూసికొనిన ప్రతి బిడ్డకు ఆటిజం ఉన్నదని భయపడరాదు. తిండికి, నిద్రకు, ఆటకు, మాటకు అది అడ్డము వచ్చుచున్నదా అని చూడవలెను.

ఇక తల్లులు జ్ఞాపకముంచుకొనవలసిన గుర్తులు చెప్పెదను. రెండు నెలలకు బిడ్డ మన ముఖము చూచి నవ్వవలెను. నాలుగు నెలలకు మెడ నిలుపవలెను. తొమ్మిది నెలలకు ఆనుకొనకుండ కూర్చుండవలెను. ఏడాదికి పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడవలెను. ఏడాదిన్నరకు నడువవలెను, కావలసినది వేలితో చూపవలెను. రెండేండ్లకు "అమ్మ రా", "పాలు తే" అని రెండు మాటలు కలుపవలెను. వచ్చిన మాటలు ఏ వయస్సులోనైనను పోయిన యెడల ఒక్క దినము కూడ ఆలస్యము చేయరాదు. బిడ్డకు మాట రానప్పుడు మొదట చేయింపవలసినది చెవి పరీక్ష. వినబడని బిడ్డ మాటలెట్లు నేర్చుకొనును?

"మగపిల్లలకు మాట ఆలస్యమే" అని మనము చెప్పుకొందుము. కొన్ని వారముల తేడా ఉండవచ్చును గాని ఏండ్ల తేడా ఉండదు. మెదడు మిక్కిలి వేగముగా ఎదిగేది మొదటి కొన్ని ఏండ్లలోనే. ఎదురుచూచిన కాలము తిరిగి రాదు. పరీక్ష చేయించి ఏమియు లేదని తేలినచో పోయినది ఒక పూట మాత్రమే.

తల్లులను నిందించుట మన ఊరిలోనే పుట్టినది కాదు. తల్లి ప్రేమ చాలకనే ఆటిజం వచ్చునని ఒకప్పుడు పాశ్చాత్య దేశముల పండితులే వ్రాసినారు. ఆటిజం గల కుమారుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో ఒక గ్రంథము వ్రాసి, అది పెంపక దోషము కాదు, మెదడుకు సంబంధించినదని వాదించినాడు. ఆ మాటే నిలిచినది. టీకాల వలన ఆటిజం వచ్చునని 1998లో లండనులోని లాన్సెట్ పత్రికలో వచ్చిన వ్యాసమును ఆ పత్రికయే 2010లో రద్దు చేసినది. కనుక టీకాలు మానవద్దు. సెల్‌ఫోను కూడ ఆటిజమునకు కారణము కాదు. అయితే అది మనతో మాటలాడవలసిన కాలమును మ్రింగివేయును. రెండేండ్లలోపు బిడ్డకు తెర చూపవద్దనియు, ఐదేండ్లలోపు వారికి గంటకు మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది.

ఎక్కడికి పోవలెనని మీరడుగుదురు. దూరము పోనక్కరలేదు. సుచిత్ర దాటి బోయినపల్లికి పోయిన యెడల, మనోవికాస్ నగరులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థ ఉన్నది. పాతవారు దానిని ఎన్.ఐ.ఎం.హెచ్. అందురు; ఇప్పటి పేరు ఎన్.ఐ.ఇ.పి.ఐ.డి. దేశమంతటినుండి తల్లిదండ్రులు అక్కడికి వచ్చుచుండగా మన ఇంటి ప్రక్కవారము ఆ గేటు ముందునుండియే బస్సులో పోవుచున్నాము! 2021లో అక్కడ పసిబిడ్డల కొరకు ప్రత్యేక కేంద్రము కూడ తెరచినారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీలకు వచ్చే డాక్టర్ల బృందమునకు కూడ బిడ్డను చూపవచ్చును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టములో ఆటిజం కూడ చేరినది. అది సిగ్గుపడవలసినది కాదు, సహాయము పొందదగినది.

ఇంటిలో చేయదగినవి: కుక్కరు పెట్టకముందే బిడ్డకు చెప్పుడి. క్రొత్త కూర బలవంతముగా నోట కుక్కక, పెరుగన్నము ప్రక్కన కొంచెము పెట్టి చూడనియ్యుడి, తాకనియ్యుడి. బిడ్డ దేనిని చూచుచున్నాడో దాని పేరే చెప్పుడి. కొట్టవద్దు.

సంఘము చేయదగినది ఇంకను సులభము. ద్వారము దగ్గర అటువంటి కుటుంబమునకు చోటు ఉంచుడి. పాట మొదలు కాకముందు కనుసైగ చేయుడి. తల్లికి సలహా చెప్పకముందు, "ఆస్పత్రికి తోడు రానా?" అని అడుగుడి.

ఆ బాబును నాలుగేండ్లు దాటిన తరువాతనే బోయినపల్లికి తీసికొనిపోయినాము. రెండేండ్లకే పోవలసినది. ఇప్పుడు కొన్ని మాటలు వచ్చినవి, అన్నియు రాలేదు. తాళములు మొదలుకాగానే వాని తండ్రి వానిని బయట వేపచెట్టు క్రిందికి తీసికొనిపోవును. పాట ముగియగానే తిరిగి వచ్చెదరు. ఎవరును వెనుకకు తిరిగి చూడరు. మొదటి దినముననే మేమట్లు చేసియున్న, ఆ తల్లి అన్ని నెలలు ఒంటరిగా ఏడ్చియుండెడిది కాదు.