హ్యాండిలు లేని ఇంజను



బావిగట్టున ఆయిలు ఇంజనును హ్యాండిలు వేసి త్రిప్పినవారు మీలో పెక్కురుందురు. నాకు పదియేండ్ల ప్రాయమున మా పెద్దన్నగారు అట్లే త్రిప్పుచుండగా నేను ప్రక్కన నిలిచి చూచుచుంటిని. చక్రము తగినంత వేగము నందుకొనక మునుపే ఆయన గాలి విడుచు మీటను దించిరి. లోపలి పిస్టను పైకొనకు చేరకయే నూనె అంటుకొనెను. చక్రము వెనుకకు తిరిగెను. హ్యాండిలు ఆయన ముంజేతిని కొట్టెను; ఎముక విఱిగినది. కట్టు కట్టించితిమి గాని ఆ మణికట్టు నేటికిని చక్కగా తిరుగదు. ఆ యేటి నాట్లు పరులచేత వేయించుకొంటిమి.

మొన్న సంక్రాంతికి అందఱము కూడినప్పుడు, ఇంజనీరింగు చదువుచున్న పెద్దన్నగారి మనుమడు ఒక ఇంజనును గూర్చి చెప్పెను. దానికి క్రాంకు లేదట, చక్రము లేదట, హ్యాండిలు తగిలించుటకు చోటే లేదట. పెద్దన్నగారు మణికట్టును తడవుకొనుచు, "చక్రం లేదంటివి, హ్యాండిలు లేదంటివి. మరి దాన్ని లేపేదెవడురా?" అని యడిగిరి. నేను జీవితమంతయు వ్యాకరణము చెప్పుకొని బ్రతికినవాడను. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. బాలుని పుస్తకములను అడిగి తెప్పించుకొని, గ్రహించినంత మీకు విన్నవించెదను.

మనమెఱిగిన ఇంజనులో పిస్టను సిలిండరను గొట్టమున ముందువెనుకలకు నడచును. ఒక రాడ్డు దానిని క్రాంకునకు బంధించును. క్రాంకునకు బరువైన చక్రము తగిలియుండును. ఈ బంధనమువలన రెండు మేళ్లు గలవు. పిస్టను ఎచట వెనుదిరుగవలెనో క్రాంకు నిర్ణయించుట మొదటిది. ఒకమాఱు మంట తప్పినను, చక్రములో నిలువయున్న వేగము పిస్టనును ముందునకు సాగించుట రెండవది. గాదెలో ధాన్యమున్న యింటికి ఒక పంట తప్పినను కుండ పొయ్యి నెక్కును గదా!

స్వేచ్ఛా పిస్టను ఇంజనులో ఈ బంధనములు లేవు. ఒక తిన్నని గొట్టమున్నది. ఒక కొన మంటగది, రెండవ కొన మూసిన గాలిగది. మంట పిస్టనును త్రోయగా ఆ గాలి నలిగి, స్ప్రింగువలె దానిని మరల మంటగదివైపు నెట్టును. ప్రతి రాకపోకకును ఒక మంట మండవలెను. పిస్టను కడ్డీకి అయస్కాంతములు బిగించి, వాని చుట్టును రాగితీగ చుట్టలు అమర్చుదురు. తీగచుట్టలో అయస్కాంతము కదలిన విద్యుత్తు పుట్టునని 1831లో ఇంగ్లండున ఫారడే కనిపెట్టెను. కావున ఏదియు తిరుగకయే విద్యుత్తు లభించును.

ఇది నిన్నమొన్నటి ఊహ కాదు. 1867లో పారిస్ ప్రదర్శనమున జర్మనులైన ఆటో, లాంగెనులు చూపిన ఇంజనులో పిస్టను పైకి స్వేచ్ఛగా ఎగిరెడిది. దిగునప్పుడు మాత్రమే చక్రమును పట్టి త్రిప్పెడిది. అర్జెంటీనాలో పుట్టిన పెస్కరా యను నతడు 1925లో నిప్పురవ్వతో మండు నమూనాను, 1928లో డీజిలు నమూనాను నిర్మించెను. రెండవ ప్రపంచయుద్ధమున జర్మను జలాంతర్గాములలో గాలిని బిగించుటకు ఈ జాతి యంత్రములను వాడిరి. ఆనాటి యంత్రములను లేపుటకు సాధారణముగా బిగించిన గాలిని గాలిగదిలోనికి ఒక్కుమ్మడిగా విడిచెడివారు. ఆ ఒక్క త్రోపులోనే మంట అంటుకొనవలెను.

మఱి విద్యుత్తు పుట్టించు నేటి యంత్రమును లేపుట యెట్లు? అయస్కాంతము కదలిన తీగలో విద్యుత్తు పుట్టుననుట యెంత నిజమో, తీగకు విద్యుత్తు నిచ్చిన అయస్కాంతము కదలుననుటయు అంత నిజము. కావున బ్యాటరీనుండి విద్యుత్తు నిచ్చినచో ఆ జనరేటరే మోటారై పిస్టనును నెట్టును. అయినను పెట్రోలు ఇంజనులలో సాధారణముగా 8 మొదలు 11 వంతుల మిశ్రమమును ఒక వంతు చోటులోనికి అదుమవలెను. ఒక్క నెట్టున అంతగా అదుముటకు మిక్కిలి బలమైన మోటారు కావలసియుండును.

ఇచట ఉయ్యాల ఉపాయము పనికివచ్చును. పెద్ద ఉయ్యాలను చిన్నపిల్ల ఒక్క త్రోపున ఎత్తునకు పంపలేదు. అది పోవు దిక్కునకే, సమయమెఱిగి కొంచెము కొంచెము త్రోసిన, కొన్ని ఊపులలోనే కొమ్మనందును. అట్లే పిస్టను ఎటు పోవుచున్న మోటారు అటే నెట్టును. ఇరుకొనల గాలియు స్ప్రింగులై దానిని మరల్చును. ఊపు ఊపునకును దూరము హెచ్చును, అదుము హెచ్చును. బీజింగు సాంకేతిక విద్యాసంస్థలోను, ఇంగ్లండులోని న్యూకాసిల్ విశ్వవిద్యాలయములోను పరిశోధకులు ఈ పద్ధతిని పరిశీలించిరి.

అదుము చాలినప్పుడు స్పార్కు ప్లగ్గు రవ్వ వేయవలెను. మన స్కూటరులో నున్నదియు ఇట్టిదే. మిశ్రమము మండి పూర్తి బలము నిచ్చుటకు కొంత వ్యవధి పట్టును గనుక, పిస్టను కొన చేరుటకు కొంచెము ముందే రవ్వ పడవలెను. స్కూటరులో ఆ సమయమును తిరుగుచున్న క్రాంకు తెలుపును. ఇచట క్రాంకు లేదు. కావున పిస్టను ఉన్న చోటును, దాని వేగమును ఎడతెగక కనిపెట్టు సాధన మొకటి యుండవలెను. అది చెప్పినదానిని బట్టియే రవ్వ పడును.

రవ్వ మఱీ ముందు పడిన పిస్టను కొన చేరకయే మరలును. మా అన్నగారి చేయి విఱిగిననాడు జరిగినది ఇట్టిదే. కాని ఇచట కొట్టుటకు హ్యాండిలు లేదు, అదుము చాలక బలము మాత్రము తగ్గును. మంట మితిమీఱినచో, లేక సమయమునకు అందకున్నచో, హద్దు చెప్పు క్రాంకు లేదు గనుక పిస్టను కొనమూతను తాకు ప్రమాదము గలదు. మంట ఒకమాఱు తప్పిన, మఱుసటి ఊపునకు బలము చాలక ఇంజను ఆగిపోవచ్చును. ఇది గాదె లేని యిల్లు. ఏ పూట గింజ ఆ పూటకే. అందుచేత మంట అంటుకొనగనే మోటారు జనరేటరై భారము నెత్తుకొనవలెను. మంట తప్పగనే జనరేటరు మరల మోటారై నెట్టవలెను.

ఇంత కష్టమేల యందురేమో. భాగములు తక్కువ, రాపిడి తక్కువ. అదుమును ఇంధనమునకు తగినట్లు మార్చుకొనవచ్చును. జపానులో టయోటా కేంద్ర పరిశోధనాలయమువారు 10 కిలోవాట్ల విద్యుత్తు నుద్దేశించి ఇట్టి యంత్రమును రూపొందించి 2014లో వివరములు ప్రకటించిరి. మన బావిగట్టులకు మాత్రము అది యింకను రాలేదు.

ఈ సంగతులన్నియు పెద్దన్నగారికి చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "అయితే చెయ్యి విరగదు గాని, కన్ను మూయకూడదన్నమాట" అనిరి. నేను అంతకంటె చక్కగా చెప్పలేను.

హ్యాండిలు ఇంజను ఇప్పటికిని వాడువారికి ఒక్క మనవి. చక్రము వేగ మందుకొనువఱకు మీటను దింపకుడు. హ్యాండిలును పట్టునప్పుడు బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచుడు, చుట్టి పట్టకుడు. పిల్లలను దూరముగా నిలుపుడు.

సెలవు.