వార్ధక్యమున విద్యయు నాట్యమును



అరువదేండ్లు దాటినవారు మూల గూర్చుండి కృష్ణా రామా యనుకొనవలెననుట మన యిండ్ల పరిపాటి. ముదుసలి అడుగు కదిపి యాడినచో నవ్వుదురు. పలక పట్టినచో జాలిపడుదురు. ఈ నవ్వును, ఈ జాలియు ఎంత చేటో విన్నవించెదను.

న్యూయార్కు నగరమందలి బ్రాంక్సు ప్రాంతమున 75 ఏండ్లు పైబడిన 469 మందిని వైద్యులు సుమారు 5 ఏండ్లు పరిశీలించి 2003లో ఫలితములు ప్రకటించిరి. వారిలో 124 మందికి డిమెన్షియా యను చిత్తవైకల్యము కలిగెను. గ్రంథపఠనము, చదరంగమువంటి ఆటలు, వాద్యవాదనము అలవాటుగా గలవారిలో అది తక్కువగా గనబడెను. శారీరక వ్యాసంగములలో నట్టి సంబంధము గనబడినది నాట్యమొక్కటియే! అయితే ఈ వ్యాధి బయటపడుటకు పెక్కేండ్లు ముందే లోపల నారంభించును. ఆడనందున వ్యాధి కలిగెనో, వ్యాధి పొడసూపుటచే ఆట మానిరో తేల్చుట కష్టము. కావున నాట్యము ఔషధమని నేననను. ఉపేక్షింపరాని సూచన యందును.

మన కోలాటమునే చూడుడు. చెవి తాళమును, కన్ను తోడివాని కోలను, కాలు అడుగును, మనస్సు రాబోవు మలుపును ఏకకాలమున పట్టవలెను. ఒక్కరు తప్పినచో వలయమంతయు తప్పును. మెదడున కింతటి సాధన మరి వట్టి నడకలో గలదా?

ఇక విద్య మాట. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణసంఘము 2024లో 14 కారణములను పేర్కొని, అవి తొలగినచో నూటికి 45 వంతుల వ్యాధిని నివారింపనో, జాగుచేయనో వచ్చునని అంచనా వేసినది. చిన్ననాట చదువు కొరవడుట అందొకటి. గాదె నిండిన యిల్లు ఒక యేటి కరవునకు జడియదు. చదువుకొన్న మెదడును అట్లే కొంతకాలము క్షయమునకు తాళుకొనును.

మన దేశమున 60 దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా సుమారు 88 లక్షలమంది, ఈ వ్యాధిపీడితులని 2023లో వెలువడిన యంచనా. పురుషులకంటె స్త్రీలలో, పట్టణములకంటె పల్లెలలో నిది యధికము. ఆ తరమున బడికి నోచనివారెవరో మీరెరుగనిది కాదు. నేడు మనము బడి మాన్పించు బాలిక గాదె రేపు వట్టిదగును.

కావున ఆడపిల్లను చదువనిండు. ఈ పఠనమందిరమున వృద్ధులకు దినమున కొక గంట కేటాయింపుడు. గుడి ముంగిట కోలాటమున తాతకును అవ్వకును చోటిండు. వారిని చూచి నవ్వకుడు. వారితో కూడి యాడుడు.