ప్రాజెక్టు ప్రణాళికలో కంప్యూటర్ సాయం

ఒక పెద్ద పనిని చిన్న పనులుగా విడగొట్టి, ఏది ఎప్పుడు, ఎవరు చేయాలో కంప్యూటరు సాయంతో ఎలా నిర్ణయించుకోవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఇందుకు మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ప్రాజెక్ట్‌లిబ్రే, గాంట్‌ప్రాజెక్ట్ ఉచితంగా లభిస్తాయి. వీటిలో పనులను అడ్డపట్టీలుగా చూపే పటాన్ని గాంట్ చార్ట్ అంటారు. దానిని ప్రచారంలోకి తెచ్చిన అమెరికన్ ఇంజనీరు హెన్రీ గాంట్ పేరే దానికి స్థిరపడింది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. బడిలో ఒక తరగతి గది కట్టాలి. జూన్‌లో బడి తెరిచే నాటికి అది పూర్తికాకపోతే పిల్లలు వరండాలో కూర్చోవలసి వస్తుంది. పునాదికి 12 రోజులు, గోడలకు 15, స్లాబుకు 6, స్లాబు గట్టిపడి సెంట్రింగ్ తీసేవరకు 14, ప్లాస్టరింగుకు 8, రంగులకు 5 రోజులు అనుకోండి. ఒకదాని తరువాత ఒకటి జరగాలి కాబట్టి మొత్తం 60 రోజులు. ఆదివారాల లెక్క ప్రస్తుతానికి పక్కన పెడదాం.

తలుపులు, కిటికీ రెక్కలు వడ్రంగి వేరేచోట 20 రోజుల్లో చేస్తాడు. రంగులు మొదలయ్యేది 55 రోజుల తరువాత. అంటే వడ్రంగికి 35 రోజుల వెసులుబాటు ఉంది. దీనిని ఫ్లోట్ అంటారు. వడ్రంగి 5 రోజులు ఆలస్యం చేసినా నష్టం లేదు. గోడలు 5 రోజులు ఆలస్యమైతే మాత్రం గది 65వ రోజుకు గాని పూర్తికాదు. ఇలా ఏమాత్రం వెసులుబాటు లేని పనుల వరుసే క్రిటికల్ పాత్. 1957 ప్రాంతంలో అమెరికాలోని డూపాంట్ కంపెనీలో ఈ లెక్క రూపుదిద్దుకుంది.

ఇప్పుడు మనుషుల సంగతి చూద్దాం. అదే తాపీమేస్త్రీకి 10 రోజుల ప్రహరీ గోడ పని కూడా అప్పగించారు. గోడలు కట్టే రోజుల్లోనే దాన్ని పెడితే ఒక మనిషికి ఇద్దరి పని పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఆ రోజులను ఎరుపు రంగులో చూపి హెచ్చరిస్తుంది. మరి ప్రహరీ ఎప్పుడు కట్టాలి? స్లాబు గట్టిపడే 14 రోజుల్లో మేస్త్రీ ఖాళీయే కదా! అక్కడికి జరిపితే మరో మేస్త్రీ అక్కరలేదు, 60 రోజులూ పెరగవు. ఈ సర్దుబాటునే రిసోర్స్ లెవెలింగ్ అంటారు.

కొత్తగా నేర్చుకునేవారు ప్రతి పనికీ తేదీని స్వయంగా టైపు చేస్తుంటారు. అలా చేస్తే ఆ తేదీ ఒక షరతుగా నిలిచిపోతుంది; ముందు పని త్వరగా ముగిసినా తరువాతిది ముందుకు జరగదు. మీరు ఇవ్వవలసినవి వ్యవధి, ఏ పని తరువాత ఏ పని అన్న సంబంధం, పనిచేసేవారి వివరాలు, సెలవుల క్యాలెండరు. మేస్త్రీకి ఆదివారం సెలవు కావచ్చు. స్లాబు గట్టిపడటానికి సెలవు ఉండదు. ఆ తేడా కూడా చెప్పాలి. తేదీలు సాఫ్ట్‌వేరే లెక్కిస్తుంది.

అయితే గోడలకు 15 రోజులు చాలునో లేదో దానికి తెలియదు. ఆ మాట మేస్త్రీనే అడగాలి. పని మొదలయ్యాక వారానికోసారి జరిగినంత పనిని నమోదు చేయాలి. ఆలస్యం మే నెలలో కాక ఏప్రిల్‌లోనే బయటపడితే సరిదిద్దుకునే వ్యవధి ఉంటుంది.

మీ కళాశాల వార్షికోత్సవానికి ఒక పది పనులు రాసి, వాటి క్రిటికల్ పాత్‌ను ముందు కాగితం మీద గుర్తించండి. తరువాత కంప్యూటరులో సరిచూసుకోండి.