పాలలో మందు: పరీక్ష కావాలి, ఖర్చు ఎవరిది?

(పాడి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందు మా ఇంట్లో జరిగిందే చెబుతానండీ. మా గేదెకి పొదుగు వాపు వచ్చింది. డాక్టరుగారు దొరక్క, మందుల షాపులో అడిగి ట్యూబు తెచ్చి చన్నులోకి ఎక్కించాం. వాపు తగ్గింది. ఆ పాలు కాచి తోడేస్తే తెల్లారేసరికి పాలు పాలలాగే ఉన్నాయి. తోడు మంచిది కాదేమోనని మా ఆవిడ పక్కింటి నుంచి మజ్జిగ తెచ్చి మళ్లీ వేసింది. అదీ అంతే. పాలు తోడుకోవాలంటే అందులో సూక్ష్మజీవులు బతకాలి కదా, పాలలోకి దిగిన యాంటీబయాటిక్ వాటిని బతకనివ్వలేదు. కాచినంత మాత్రాన మందు పోదు. మరి ఆ రెండు రోజులూ కేంద్రానికి పోసిన పాలో? ఊరందరి పాలతో కలిసి వెళ్లిపోయాయి.

పెన్సిలిన్ పడనివాళ్లకి ఆ పాలతో దద్దుర్లు రావచ్చు. అంతకన్నా పెద్ద ముప్పు ఏమిటంటే, కొద్దికొద్దిగా మందు తగిలిన సూక్ష్మజీవులు దానికి లొంగకుండా తయారవుతాయి. రేపు మన మనవడికి జబ్బు చేస్తే అదే మందు పనిచేయదు.

2018లో కేంద్ర ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ దేశమంతా 6,432 పాల నమూనాలు పరీక్షించింది. 77 నమూనాల్లో యాంటీబయాటిక్‌లు పరిమితి దాటాయి. వందకి ఒకటి పైచిలుకు. తక్కువే అనుకుంటాం. రొయ్యల్లో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. ఇదే మందుల గొడవతో 2016లో ఐరోపా సమాఖ్య మన ఆక్వా సరుకు తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. భారం చివరికి ఎవరి మీద పడుతుందో భీమవరం వైపు చెరువులు చేసేవాళ్లని అడిగితే చెబుతారు.

మందు వేశాక ఎన్నాళ్లు పాలు వాడకూడదో ప్యాకెట్ మీద ఉండాలన్నది నిబంధన. లేకపోతే కనీసం 7 రోజులు ఆగాలి. రోజుకి 8 లీటర్లిచ్చే గేదెకి 56 లీటర్లు. లీటరు 50 రూపాయలనుకున్నా 2,800 రూపాయలు. కౌలు చేసుకుంటూ రెండు గేదెల మీద బతికే మనిషికి పారబొయ్యమని చెప్పడం సులువే. నేనే పారబొయ్యలేదు!

మా కేంద్రంలో వెన్న, ఎస్సెన్నెఫ్ చూస్తారు, డబ్బు లెక్క వాటి మీదే గనక. పాలలో ముంచితే నిమిషాల్లో మందు జాడ చెప్పే పట్టీలు వచ్చాయి. పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ జాతి మందుల్ని పట్టిస్తాయి. అన్నిటినీ పట్టవు, ల్యాబ్ కూడా కావాలి. కానీ పరీక్ష ప్లాంటు గేటు దగ్గరే చేస్తే ట్యాంకర్ మొత్తం వెనక్కి తిరుగుతుంది. ఎవరి పాలో తేలదు, కోత మాత్రం అందరికీ.

అందుకే పరీక్ష ఊళ్లోనే జరగాలని, రైతు ఎదుటే జరగాలని, ఖర్చు డెయిరీ పెట్టుకోవాలని అడుగుతున్నాం. నమూనాలో సగం సీలు వేసి రైతుకివ్వాలి. "నా గేదెకి మందు వేశాను, ఈ వారం పాలు పొయ్యను" అని ముందే చెప్పిన రైతుకి నష్టంలో కొంతైనా కట్టివ్వాలి. నిజం చెప్పినవాడికి నష్టమే మిగిలితే ఇంకెవరు చెబుతారు?

మన వంతు కూడా ఉందండీ. మందు వేసిన గేదెకి ఎర్రగుడ్డ కట్టండి, తేదీ గోడ మీద రాయండి, దాన్ని ఆఖరున పితికి ఆ పాలు వేరుగా ఉంచండి. దూడకీ తాపకండి. షాపువాడి మాట మీద కాకుండా 1962కి ఫోన్ చేసి పశువైద్య వాహనాన్ని పిలవండి.

ఈ కోర్కెల మీద పాల కేంద్రాల దగ్గర సంతకాలు సేకరిస్తున్నాం. ఈలోగా మీ ఊరి కేంద్రంలో ఒక్క మాట అడగండి: మందు పరీక్ష చేస్తున్నారా, చేస్తే ఎవరి ఎదుట?